నమూనా నలభై ఏడు

ఆదివారం పొద్దున ఆరున్నరకి
మెజెస్టిక్‌లో దొడ్డబళ్లాపుర బస్సెక్కాను.
కండక్టరు చిల్లర లేదని
నాకు రావలసిన రెండు రూపాయలు
టికెట్టు వెనక రాసిచ్చాడు.
డబ్బిచ్చి మరీ బురదలో పొర్లడానికి వెళ్తున్నానని
ఇంట్లో చెప్పలేదు.
అమ్మ వింటే,
"చిన్నప్పుడు ఊరికే పొర్లినందుకేగా
వీపు విమానం మోగించాను" అంటుంది.

నా పనీ మట్టితోనే.
పీణ్యలో మట్టి పరీక్షల ల్యాబు, పదకొండేళ్లు.
భూమి గొట్టాల్లో వస్తుంది నా బల్ల మీదికి,
మూతికి మైనం పూసుకుని, నడుముకి చీటీ అంటించుకుని.
కోస్తాను, తూస్తాను, ఓవెన్‌లో ఎండబెడతాను.
అద్దం పలక మీద దారంలా పేని
ఎక్కడ తెగుతుందో చూస్తాను.
తెగిన చోట ఒక అంకె వేస్తాను.
చేతులకి తొడుగులుంటాయి.
ఈ పదకొండేళ్లలో
మట్టి నన్ను ముట్టుకోలేదు.

నీలగిరి చెట్ల వెనక రేకుల షెడ్డు,
నీలం డ్రమ్ములు, నాలుగు గుంటలు,
ఒక పంపు, కట్టేసిన మేక.
చిక్కహొన్నయ్య నన్ను ఎగాదిగా చూశాడు.
"వాచీ తీసేయప్పా, అది టైము జూసుకోని ఏం జేస్తాది?"
సగం తెలుగు, సగం కన్నడం,
నోట్లో మిగిలినదంతా వక్కాకు.

మొదట పాదాలు. చల్లదనం మోకాళ్ల దాకా
అడక్కుండానే ఎక్కింది.
తర్వాత నేను కూర్చున్నానో, అదే కూర్చోబెట్టిందో.
ముసలాయన వీపుకి పూస్తున్నాడు,
గోడకి అలుకుతున్నట్టు,
పగులు కనిపించిన చోట రెండోసారి.
పక్క గుంటలో ఒకాయన మెడ దాకా మన్నైపోయి
చెవి దగ్గర ఇంకెవరో పట్టుకున్న ఫోన్లో
కరెంటు బిల్లు గురించి పోట్లాడుతున్నాడు.
నవ్వు వచ్చింది. నవ్వలేకపోయాను.
అప్పటికే బుగ్గలు ఎండి బిగుసుకున్నాయి.

వాసన మాత్రం ఎక్కడో తెలిసిందే.
తుప్పు, నాచు, పాత ఇత్తడి బిందె అడుగు.
"ఈ మట్టి యాడిది తాతా?"
"మా హాలుకెరెదే సామీ.
ఇండ్లు కట్టేవోళ్లు మూడు మీటర్లు తవ్వి పారేసిరి.
ఎవరో సదువుకున్నోడు రాసిచ్చినాడంట,
ఇది పనికిరాదని.
లారీకి నాలుగునూర్లు ఇచ్చి తెచ్చుకొంటిమి."

నమూనా నలభై ఏడు.
బూడిద రంగు, మధ్యలో ఒక నత్తగుల్ల.
గుల్లని చిమటాతో తీసి పక్కన పెట్టాను,
తూకం తప్పొస్తుందని.
"అతి మెత్తన. బరువు మోయదు. తొలగించవలెను."
కింద సంతకం నాదే,
ఆ నెల జీతంతో కొన్న పెన్నుతో.

చెప్పాలనుకున్నాను.
పెదవుల మీద మట్టి ఎండిపోయింది అనుకోండి,
అది సగమే నిజం.
ముసలాయన నా మెడ దగ్గర
ఇంకో గుప్పెడు అద్ది,
"కుంటలో బర్రెలు ఇట్లే పండుకొంటుండె" అన్నాడు.
బర్రెలేమయ్యాయని నేను అడగలేదు.
బరువు మోయదన్న మట్టిలో
డెబ్బై రెండు కిలోల మనిషిని
మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాను.

పంపు కింద నిలబడితే
చెరువు నా మీంచి దిగి
కాలవలో పడి, మేక పక్కనుంచి
ఎటో వెళ్లిపోయింది.
మూడు వందల యాభై ఇచ్చాను.
ఇంకో యాభై ఇవ్వబోతే
"ఎందుకు?" అన్నాడు.
జవాబు లేక జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు.
చెవి వెనక ఇంకా కొంచెం మిగిలింది,
శనగగింజంత, తడిగా.
అలవాటు చొప్పున
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
దారంలా పేనుతూ కూర్చున్నాను.
తొడుగులు లేవు.
రాజానుకుంటె దాటింది, యలహంక దాటింది,
హెబ్బాళ ఫ్లైఓవరు మీద ట్రాఫిక్కు ఆగింది.
ఇంకా తెగలేదు.